‘ఒక నృత్యం’ అంటే ఏ నృత్యం? గళ్ళ నుడికట్టు కూర్పరులకు బహిరంగ లేఖ

తెలుగు పత్రికల్లో గళ్ళ నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్, కూర్చే పెద్దలకు, ఆ పుటలను సరిచూసి అచ్చుకు పంపే సంపాదకులకు నమస్కారాలు.

ఈ మధ్య ఒక వారపత్రిక నుడికట్టులో, మొట్టమొదటి వరుసలోనే, అడ్డం రెండు గడులకు ‘ఒక నృత్యం’ అని ఆధారం ఇచ్చారు. తరువాతి సంచికలో ప్రకటించిన జవాబు ‘గొండ్లి’. జవాబు తప్పని నేను అనను. గొండ్లి తెలుగు నిఘంటువుల్లో ఉన్న మాటే, నృత్యమే, రెండు గడుల్లో పట్టేదే. అయినా ఆ ఆధారం పట్ల, ఆ మాటను గళ్ళలో కూర్చోబెట్టిన తీరు పట్ల నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇది ఆ ఒక్క పత్రికకే పరిమితమైన లోపం కాదు కనుక, పేరు పెట్టి ఒకరికి ఉత్తరం రాయడం కంటే అందరినీ ఉద్దేశించి రాయడమే న్యాయమని తోచింది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇలాంటి పాత మాటలను గళ్ళలోంచి తీసివేయమని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ కోరిక కోరేవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వారి ఉత్తరాలు మీకు అందుతూనే ఉంటాయి. నేను కోరేది దానికి నేరుగా ఎదురైనది: గొండ్లి వంటి మాటను తప్పక వాడండి, కానీ పూరించేవాడు తెలివితో చేరుకోగల దారి వేసి వాడండి. దారి లేని చోట ఆ మాట ఖాళీ గడులకు పెట్టిన అతుకుగా మిగిలిపోతుంది, దాని మీద పాఠకుడికి చిరాకే తప్ప ఆసక్తి కలగదు.

ఆ అతుకు వెనుక ఎంత సరుకు ఉందో చూడండి. కాకతీయ గణపతిదేవుడి దగ్గర గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా, ఉన్న జాయప సేనాని 1254 ప్రాంతంలో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి సగం మార్గ సంప్రదాయానికి, అంటే శాస్త్రోక్తమైన నృత్యానికి, రెండో సగం దేశి సంప్రదాయానికి, అంటే ప్రాంతీయ నృత్యాలకు, కేటాయించాడు. ఆ దేశి భాగంలోనే పేరణి, రాసకం, చర్చరి, చిందు, కందుకం వంటి వాటితో పాటు గొండ్లి కూడా కనిపిస్తుంది. దాని పుట్టుకకు జాయప చెప్పిన కథ ఇది: కల్యాణ నగరంలో భూతమాతృ మహోత్సవం జరుగుతుండగా, భిల్ల స్త్రీ వేషంతో ఒక వనిత పాడుతూ ఆడడం చాళుక్య సోమేశ్వర మహారాజు చూశాడట. ముచ్చటపడి ఆ ఆటకు ఒక పద్ధతి ఏర్పరచాడట. మహారాష్ట్రంలో భిల్ల స్త్రీని గోండిని అంటారు కనుక ఆ ఆటకు గౌండలి అన్న పేరు వచ్చిందట. మన నిఘంటువులేమో గొండ్లిని కుండలాకారంలో, అంటే చుట్టలుగా తిరుగుతూ, ఆడే నాట్యంగా చెబుతాయి. ఒక వివరణ అడవి మనిషి వైపు లాగుతుంది, మరొకటి ఆట ఆకారం వైపు లాగుతుంది. ఏది సరైనదో తేల్చడం భాషాశాస్త్రజ్ఞుల పని. నుడికట్టు కూర్చేవాడికి మాత్రం రెండూ పనికివస్తాయి, ఎందుకంటే ఒకే జవాబుకు రెండు వైపుల నుంచి దారి దొరకడం కూర్పరికి అరుదుగా కలిసివచ్చే అదృష్టం. రాజు, జాతర, వేషం, పాట, వలయం ఇన్ని చేతిలో ఉండగా ‘ఒక నృత్యం’ అని రాసి ఊరుకోవడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు.

ఇక గళ్ళ సంగతి. ఇది కొంచెం సూక్ష్మంగా చూడవలసిన విషయం. ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ప్రకటించిన తొలి పజిల్‌లో గడికి ఒక అక్షరం, ఆ భాషలో అక్షరమంటే హల్లో అచ్చో విడిగా. మనం ఈ ఆటను తెచ్చుకున్నప్పుడు గడికి గుణింతంతో, ఒత్తుతో, సున్నతో సహా ఒక పూర్తి అక్షరం అన్న నియమం పెట్టుకున్నాం. అది మన లిపికి తగిన నియమం. కానీ దానివల్ల ఒక చిక్కు వచ్చింది. ఇంగ్లీషు గడిలో దాదాపు ఏ హల్లుతోనైనా అడ్డంగానూ నిలువుగానూ మాటలు విరివిగా దొరుకుతాయి. తెలుగు గడిలో ఒత్తక్షరం పడితే దాని మీదుగా పోయే రెండో మాట దొరకడమే కష్టం.

గొండ్లిని విడదీస్తే ‘గొం’ ఒక గడి, ‘డ్లి’ ఒక గడి. ‘గొం’తో నిలువుగా గొంతు, గొంగళి, గొంది, ఎన్నైనా వస్తాయి. ‘డ్లి’తో మొదలయ్యే తెలుగు మాట ఏదీ లేదు. కనుక గొండ్లిని మొదటి వరుసలో పెట్టిన కూర్పరికి ‘డ్లి’ కింద నల్లగడి పెట్టడం తప్ప గత్యంతరం లేదు. సరిగ్గా అదే జరిగింది. అంటే పూరించేవాడికి నిలువు మాటల నుంచి దొరికేది ‘గొం’ ఒక్కటే. రెండో గడికి ఏ ఆసరా లేదు. ఆధారం ఏమో ‘ఒక నృత్యం’. ఆ నృత్యం పేరు ముందే తెలిసినవాడు రాస్తాడు, తెలియనివాడు ఎంత తల బద్దలు కొట్టుకున్నా రాయలేడు. ఆలోచనకు తావు లేని చోట అది ప్రహేళిక కాదు, జ్ఞాపకశక్తి పరీక్ష.

దీన్ని కింది వరుసలో పెట్టి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. ‘పండ్లిగిలించు’ అన్న మాట నిలువుగా దింపితే రెండో గడిలో ‘డ్లి’ చక్కగా పడుతుంది. ‘ఇడ్లి’ కూడా పనికివస్తుంది గానీ, అందులో మరో మెలిక ఉంది: చాలామంది దాన్ని ‘ఇడ్లీ’ అని దీర్ఘంతో రాస్తారు, అప్పుడు అడ్డం మాట ‘గొండ్లీ’ అయి కూర్చుంటుంది, పాపం పూరించేవాడు ఏ దీర్ఘాన్ని నమ్మాలో తెలియక రెండూ కొట్టివేస్తాడు. వీటన్నిటికంటే తేలిక మార్గం ఒకటుంది. ఈ మాటకే ‘గొండిలి’ అన్న రూపం ఉంది. గొం, డి, లి అని మూడు గడులు. ‘డి’ మీదుగా, ‘లి’ మీదుగా పోయే మాటలకు కొదవ లేదు. ఒక గడి ఎక్కువ పడుతుందన్న మాటే గానీ, మూడు గడులకూ మూడు నిలువు మాటల తోడు దొరుకుతుంది. అరుదైన మాటకు రూపాంతరాలు ఉన్నప్పుడు వాటిలో గళ్ళకు ఇమిడేది కాకుండా పూరించేవాడికి అందేది ఎన్నుకోవాలని నా మనవి.

రూపాంతరాల ప్రస్తావన వచ్చింది కనుక పేరణి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అన్యాయం మరో రకంగా జరుగుతోంది. జాయప రాసింది పేరణి. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని పునరుద్ధరించిన నృత్యం పేరిణి శివతాండవం అన్న పేరుతో లోకానికి తెలిసింది. రెండూ మూడు గడులే, తేడా నడిమి గడిలో ‘ర’కూ ‘రి’కీ మధ్య. ఆ నడిమి గడి మీదుగా నిలువు మాట పోతే ఏ రూపం కావాలో పూరించేవాడే తేల్చుకుంటాడు. పోకపోతే అతడు రాసినది రెంటిలో ఏదైనా సరే ఒప్పుకోవాలి. కానీ బహుమతి పోటీల్లో ఒకటే రూపాన్ని సరైనదిగా ప్రకటించి రెండోది రాసినవారిని పక్కన పెట్టడం నేను చూశాను. పైగా ఆధారం ‘కాకతీయుల కాలం నాటి నృత్యం’ అని ఉంటుంది. జాయప వర్ణించిన దేశి నృత్యాలన్నీ కాకతీయుల కాలం నాటివే కదా! రాసకం మూడు గడులు, చర్చరి మూడు గడులు, కందుకం మూడు గడులు. ఆ ఆధారానికి ఇవన్నీ సరైన జవాబులే.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే నా చూపు నిఘంటువుల వైపు పోతుంది. మన పాత నిఘంటుకారులకు చెట్టు ఎదురైతే ‘వృక్షవిశేషము’, పిట్ట ఎదురైతే ‘పక్షివిశేషము’, ఆట ఎదురైతే ‘నృత్యవిశేషము’ అని రాసి ముందుకు సాగిపోవడం పరిపాటి. వేల పుటల పని మీద వేసుకున్నవారిని ఆ పొదుపుకు తప్పు పట్టడం సబబు కాదు. వారు అర్థం చెప్పడానికి కూర్చున్నారు, పజిల్ కట్టడానికి కాదు. కూర్పరి మాత్రం ఆ ‘విశేషము’ను తెచ్చి ‘ఒక నృత్యం’గా మార్చి ఆధారం స్థానంలో పెట్టేస్తే, నిఘంటువు వదిలిపెట్టిన పనిని తానూ వదిలిపెట్టినట్టే. నృత్తరత్నావళిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేసి చాలా కాలమైంది. సంస్కృతం రానివారికి కూడా ఆ సమాచారం అందుబాటులోనే ఉంది. ఒక మాటకు ఆధారం రాసే ముందు దాని గురించి ఒక పుట చదవడం కూర్పరికి భారమని నేననుకోను.

ఇంగ్లీషు గళ్ళలో కూడా ఈ జబ్బు ఉందని కొందరు సర్దిచెబుతారు. నిజమే, ఉంది. ‘హోరా’ అనే నృత్యం అక్కడి గళ్ళలో పదే పదే తగులుతుంది. అది కూడా, చిత్రంగా, గొండ్లిలాగే వలయంగా తిరుగుతూ ఆడేదే. రుమేనియా, ఇజ్రాయెల్ వంటి చోట్ల పెళ్ళిళ్ళలో చేతులు పట్టుకుని ఆడుతారు. వారి లిపిలో నాలుగే అక్షరాలు, వాటిలో రెండు అచ్చులు, కనుక గళ్ళకు సులువు. ఇలా గళ్ళ అవసరం కోసమే బతికే మాటలకు వారు ‘క్రాస్‌వర్డీజ్’ అని వెక్కిరింపు పేరు కూడా పెట్టుకున్నారు. కానీ మన పరిస్థితి దానికి పూర్తిగా భిన్నం. హోరాను అక్కడ గళ్ళు కూర్చడంలోని సులువు లాక్కొచ్చింది. గొండ్లి విషయంలో ఆ సులువు కూడా లేదు, కూర్చడానికి అది కష్టమైన మాట. కష్టపడి ఒక మాటను తెచ్చి, చివరి క్షణంలో ఆధారం దగ్గర బద్ధకించడం మాత్రం మన ప్రత్యేకత. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు స్వయంగా కూర్పరులుగా కూర్చున్న పీట ఇది. ఆధారం రాయడం కూడా రచనే అని వారి తరం పాఠకులకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

నాట్యానికి సంబంధించిన మన మాటలు ఆధారం రాసేవాడికి ఎంత మేత వేస్తాయో చెప్పడానికి కొన్ని నమూనాలు మీ ముందు ఉంచుతాను. ‘కరణం’ తీసుకోండి. భరతుడి నాట్యశాస్త్రంలో కరణాలు, అంటే కాలూ చేయీ కలిసి చేసే నృత్య భంగిమలు, నూట ఎనిమిది. పంచాంగంలో తిథి, వారం, నక్షత్రం, యోగం అయ్యాక వచ్చే అయిదో అంగం కరణం. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయిన గ్రామాధికారుల్లో ఊరి లెక్కలు రాసినవాడూ కరణమే. ‘1984 దాకా ఊరికొకడు, పంచాంగంలో అయిదోవాడు, భరతుడి దగ్గర నూట ఎనిమిది మంది’ అని ఆధారం ఇస్తే, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినవాడైనా జవాబు పట్టుకుంటాడు, పట్టుకున్నాక మిగతా రెండూ తెలుసుకుంటాడు. ‘తీర్మానం’ ఇంకా మంచిది: ‘శాసనసభలో ప్రవేశపెడతారు, నట్టువాంగంలో దీనితో ముగిస్తారు’ (నట్టువాంగమంటే తాళాలు వాయిస్తూ జతులు చెబుతూ నృత్యాన్ని నడిపించడం). ‘చిందు’కు రెండే గడులు: ‘ఒలికితే నేలపాలు, తొక్కితే ఆట’. నందికేశ్వరుడి అభినయదర్పణంలో చెప్పిన ఇరవై ఎనిమిది అసంయుత హస్తాల, అంటే ఒంటి చేతితో పట్టే ముద్రల, పేర్లన్నీ దాదాపు ఇలాంటివే. పతాకం ఎగురుతుంది, ముష్టి ఎత్తుకుంటారు, కపిత్థం వెలగపండు, భ్రమరం తుమ్మెద, తామ్రచూడం కోడిపుంజు. ‘కూసేది, చేత్తో పట్టేది’ అంటే తామ్రచూడం దగ్గరికి చేరడానికి నర్తకి కానక్కరలేదు. కూచిపూడి వారి నృత్యాంశాలు ‘శబ్దం’, ‘తరంగం’ గురించి వేరే చెప్పాలా? మామూలు మాటల లోపల నాట్యం దాగి ఉండగా, పారిభాషిక పదం కనబడగానే ‘నాట్యానికి సంబంధించినది’ అని తేల్చివేయడం చేతిలో ఉన్న సొమ్మును పారబోయడమే.

గొండిలికే ఆధారం రాయమంటే నేను ఇలా రాస్తాను: ‘గుండ్రంగా తిరిగే ఈ ఆట పేరులో గోండు పడతి ఉందని ఏనుగుల సేనాని ఉవాచ’. ఇంతకంటే మెరుగైనవి మీలో చాలామంది రాయగలరు. నా ఆధారంలో మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఒకటే: ఈ మాటను ముందెన్నడూ విని ఉండని పాఠకుడికి ‘గుండ్రం’ నుంచీ ‘గోండు’ నుంచీ రెండు ఆసరాలు దొరుకుతాయి, నిలువు మాటలు ఒక అక్షరం అందించగానే మిగతాది ఊహించగలడు.

అరుదైన మాటల విషయంలో మరొక దురలవాటు ఉంది, దాన్ని కొంచెం కటువుగానే ప్రస్తావిస్తాను. మాటను తిరగరాయడం, చెల్లాచెదురు చేయడం, తల నరకడం, తోక కోయడం నుడికట్టులో ఎప్పటి నుంచో ఉన్న చమత్కారాలే. ‘తిరగబడిన రాజు’ అని చెప్పి ‘జురా’ రాయించుకుంటే ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే రాజు అందరికీ తెలుసు. తెలియని మాటను తిరగేసి ‘అటూ ఇటూ అయిన నృత్యం’ అని అడిగితే పాఠకుడు దేన్ని సరిచేసుకోవాలి? ‘డ్లిగొం’ అని నింపించుకోవడం వల్ల ఎవరికి ఏ ఆనందమో కూర్పరే చెప్పాలి. అరుదైన మాటను నిటారుగా నిలబెట్టండి, చమత్కారం ఆధారంలో చూపండి. గడులు మిగిలిపోయాయని లాస్యాన్ని ‘లాస్యము’గా, నట్టువాంగాన్ని ‘నట్టువాంగము’గా సాగదీయడం కూడా ఈ కోవలోదే. ఒకే నుడికట్టులో కొన్ని మాటలు సున్నతో, కొన్ని ‘ము’తో ముగిస్తే గడులు లెక్కపెట్టుకుని రాసేవాడికి ఏ లెక్కా నిలవదు.

సంపాదకుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ‘ఇవన్నీ ఎవరికి కావాలి? పాఠకులు సినిమా పేర్లు, నటుల పేర్లు ఇస్తేనే పూరిస్తున్నారు’ అంటారు. ఒక సినిమా పేరు తెలియని పాఠకుడికి ‘ఒక సినిమా’ అని ఆధారం ఇస్తే అతడూ పెన్ను కింద పెడతాడు. అంటే పాఠకుణ్ణి దూరం చేస్తున్నది మాట పాతదనం కాదు, ఆధారం బోలుతనం. సినిమా పేర్లకు మీ కూర్పరులు హీరోనూ, సంవత్సరాన్నీ, పాటలో తొలి మాటనూ జోడించి ఆధారం రాస్తారు. ఆ శ్రద్ధలో సగం గొండ్లికి ఇచ్చి చూడమనే అడుగుతున్నాను. వారానికి ఒక్క అరుదైన మాట చాలు, అంతకు మించి నేనూ అడగను. ఒకే నుడికట్టులో జక్కిణి, కోపు, గొండ్లి అనే పాత నాట్యపు మాటలు మూడూ దించితే నాట్యశాస్త్రం అభ్యసించినవారు కూడా విసుక్కుంటారు.

ఇప్పుడు చాలా పత్రికలు నుడికట్టును అంతర్జాలంలో కూడా పెడుతున్నాయి కనుక ఒక సాంకేతిక విషయం కూడా మీ దృష్టికి తేవాలి. కంప్యూటరు లెక్కలో గొండ్లి రెండు అక్షరాలు కాదు. గ, ఒత్వం, సున్న, డ, పొల్లు, ల, గుడి కలిపి ఏడు సంకేతాలు. గడిలో ఒక్క సంకేతమే పట్టేలా రాసిన ప్రోగ్రాములో ‘డ్లి’ కొట్టబోతే ‘డ’ దగ్గరే గడి నిండిపోయి, మిగతాది పక్క గడిలోకి దూకుతుంది. ఒత్తక్షరాలున్న మాట ఏది పెట్టినా ప్రకటించే ముందు ఒకసారి టైపు చేసి చూసుకోమని మీ సాంకేతిక సిబ్బందికి చెప్పండి. లేకపోతే సరైన జవాబు తెలిసినవాడు కూడా తప్పు రాసినట్టు నమోదవుతుంది.

చివరిగా సంపాదకులకు ఒక ప్రత్యేక విన్నపం. జవాబుల గళ్ళు అచ్చు వేసేటప్పుడు వాటి కింద రెండు పంక్తుల జాగా ఇవ్వండి. ఆ వారం వచ్చిన అరుదైన మాటకు అర్థం, అది ఎక్కడ వాడుకలో ఉండేదో, ఏ రూపాంతరాలను సరైనవిగా ఒప్పుకున్నారో అందులో రాయండి. ‘గొండ్లి: వలయాకార నృత్యం, నృత్తరత్నావళిలో వర్ణన ఉంది, గొండిలి అనీ అంటారు’ అన్నంత చాలు. ఇది వచ్చే సంచిక నుంచే మొదలుపెట్టడానికి మీకు అడ్డంకి ఏమీ ఉండదని భావిస్తున్నాను. ఆ జాగా ఎందుకు ఇవ్వలేరో చెప్పవలసి వస్తే, అది కూడా పత్రికాముఖంగానే తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
గళ్ళు నింపే ఒక పాఠకుడు